తువ్వాలు కింద బేరం

భీమసేనరావుకు కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. ఆదోని వర్తక సంఘం నడిపే కామర్సు క్లాసులో ఈ సంగతి తెలియనివాళ్లు లేరు. ఆయన గొంతు తగ్గేకొద్దీ వెనక బెంచీల వాళ్లకు నిద్ర హాయిగా పట్టేది.

ఆయనది మంత్రాలయం పక్క పల్లె. తాత, తండ్రి మఠం సేవలో బతికినవాళ్లు. ఈయన ఒక్కడూ బళ్లారి పోయి కామర్సు చదువుకున్నాడు. ఆదోని ఆంధ్ర రాష్ట్రంలో కలిసిన ఏడాది పంచె, నల్లకోటు, చంకలో గొడుగుతో ఈ ఊళ్లో దిగాడు. సంఘం వాళ్ల మేడమీద గదిలో వడ్డీ లెక్కలు, సగటు లెక్కలు, నూటికింత అని కట్టే లెక్కలు చెప్పడం ఆయన ఉద్యోగం. చెప్పడమంటే ఆయనకు ప్రాణం. వినేవాళ్లే తక్కువ.

పుస్తకం మద్రాసు నుంచి వచ్చింది. అందులో ఒక దొర ఎక్కడో బొగ్గు కొని ఇంకెక్కడో అమ్మేవాడు. ఆ దొరకు లాభం వస్తే మనకేమి, నష్టం వస్తే మనకేమి అన్నట్టు కూర్చునేవాడు జనార్ధన్. వాళ్ల నాన్నకు ధాన్యం మండీ ఉంది. కొడుకు దుకాణంలో గల్లా దగ్గర అల్లరి చేస్తున్నాడని ఈ క్లాసులో వేశాడు. పత్తి సీజను మొదలయ్యేసరికి జనార్ధన్‌తో పాటు సగం క్లాసు మాయమైంది.

ఒకరోజు సంఘం పెద్ద గోవిందయ్య మేడెక్కి వచ్చాడు. ఆయనకు జిన్నింగు మిల్లుంది. పత్తిలో గింజ వేరు, దూది వేరు చేయించినంత సులువుగా మనుషుల్లోనూ పనికొచ్చేవాళ్లను వేరు చేస్తాడని పేరు. గుమ్మంలో నిలబడి గది అంతా చూశాడు.

"ఏమప్పా భీమసేనరావూ, బెంచీలకు సెప్తాండావా పాఠం?"

"సీజను కదండీ..."

"సీజను ప్రతి యేడూ వస్తాది. ఉగాది దాకా చూస్తా. అప్పటికీ ఇట్లే ఉంటే క్లాసు మూసేసి ఈ గదిలో పత్తి గింజలు పోయిస్తా. ఎనుముల మేతకైనా పనికొస్తాయి."

భీమసేనరావు ఆ పూట భోజనం సరిగా చేయలేదు. ఉద్యోగం పోతే ఇంకో ఉద్యోగం దొరకవచ్చు. తాను చెప్పే లెక్క కన్నా గింజలు నయమన్న మాట మాత్రం మింగుడు పడలేదు.

మర్నాడు జనార్ధన్ కనబడితే అడిగాడు. "నిన్న ఎక్కడికి పోయినావయ్యా?"

"పత్తి మార్కెట్‌కు పోయింటి సార్."

"ఏముంది అక్కడ?"

జనార్ధన్ నిజం చెప్పాడు. "ఆడ నిద్ర రాదు సార్."

ఎందుకోగాని భీమసేనరావుకు కోపం రాలేదు. "సరే, రేపటి క్లాసు అక్కడే. అందరికీ చెప్పు" అన్నాడు.

పొద్దున్నే క్లాసు మొత్తం మార్కెట్‌లో ఉంది. పిలవనివాళ్లు కూడా వచ్చారు. బండ్లు వరసగా నిలబడి ఉన్నాయి, ఎద్దులు నెమరు వేస్తున్నాయి, గాలి వీస్తే దూది పోగులు ఎగురుతున్నాయి. భీమసేనరావు నల్లకోటుతో ఆ తెల్లటి గాలిలో నడుస్తూ దలాలి తిమ్మయ్య దగ్గర ఆగాడు.

అక్కడ బేరం నోటితో జరగదు. కొనేవాడూ అమ్మేవాడి తరఫు దలాలీ చేతులు కలుపుతారు, మీద తువ్వాలు కప్పుతారు. ధర ఎంతో వేళ్లు పట్టుకుని చెప్పుకుంటారు. పక్కనున్నవాడికి తెలియదు. కుదిరితే అరచేయి మీద తట్టి తువ్వాలు తీసేస్తారు.

"తిమ్మయ్యా, మా పిల్లలకు ఒకసారి చూపించవయ్యా" అన్నాడు భీమసేనరావు.

తిమ్మయ్యకు ఉత్సాహం వచ్చింది. భీమసేనరావు చెయ్యి పట్టుకుని తువ్వాలు కప్పాడు. "ఈ వేలు పడితే పది సామీ. ఇది ఇట్ల నొక్కితే అందులో సగం. తెలిసిందా?"

తెలిసింది. భీమసేనరావు ముఖం వెలిగిపోయింది. ఇన్నేళ్లూ నల్లబల్ల మీద తాను రాసిందంతా ఈ మనిషి వేళ్లలో పెట్టుకు తిరుగుతున్నాడు! "భేష్ తిమ్మయ్యా, భేష్!" అంటూ సంతోషం పట్టలేక అతని అరచేయి తట్టాడు.

తువ్వాలు జారింది. ఇదంతా బండి మీద కూర్చుని చూస్తున్న కైరుప్పల రైతు గిడ్డయ్య కిందికి దిగాడు. ఎద్దులను విప్పి, "మంచిది సామీ. మీ చేయి సల్లని చేయి" అని దండం పెట్టాడు.

"ఏమైంది?" అన్నాడు భీమసేనరావు.

"మా గిడ్డయ్య పత్తి మీరు కొన్నారు" అన్నాడు తిమ్మయ్య.

"నేనెక్కడ కొన్నానయ్యా? మెచ్చుకుని తట్టినాను!"

"మెచ్చుకుంటేనే గదా సామీ ఎవరైనా తట్టేది!"

"నువ్వు చెప్పింది ఉత్తుత్తి ధర కాదూ?"

"ఉత్తుత్తి ధర నా వేళ్లకు రాదు సామీ. గిడ్డయ్య అడిగిన ధరే చెప్పినా." తిమ్మయ్య తల గోక్కున్నాడు. "మీరు కాదంటే గిడ్డయ్య ఏమీ అనడులే. కానీ ఈ యార్డులో తట్టిన చేయి ఎనక్కి తీసుకున్నోడు లేడు. గోవిందయ్య చెవిన పడితే..."

ఆ పేరు చాలు. తట్టిన చేయి వెనక్కి తీసుకున్న పంతులు పిల్లలకు వ్యాపారం ఏం చెబుతాడు? ఉగాది దాకా ఆగే పని కూడా ఉండదు. మధ్యాహ్నం తూకం. తూకమయ్యాక గిడ్డయ్యకు డబ్బివ్వాలి. ఆయన జేబులో ఉన్నది బస్సు చార్జీలకే సరి.

"ఇప్పుడేం చేద్దాం?" అన్నాడు. గొంతు బాగా తగ్గిపోయింది. ఎప్పుడూ నిద్రపోయేవాళ్లు ఆ మాట వినడానికి ముందుకు వంగారు.

"ఏముంది సార్, కొన్నాం కదా, అమ్ముదాం" అన్నాడు జనార్ధన్.

కొన్నాం అన్నాడు. ఆ మాటకు భీమసేనరావు తల ఎత్తాడు.

ఎమ్మిగనూరు నుంచి వచ్చి చదువుకునే ఉరుకుందప్ప అప్పటికే బండి ఎక్కి ఉన్నాడు. వాళ్లది మగ్గాల ఇల్లు. దూది రెండు వేళ్ల మధ్య లాగి చూసి, "పోగు బాగుంది సార్. మా నాయన చూస్తే ఇడ్సడు" అన్నాడు.

"గింజ తీస్తే దూది ఎంత వస్తుంది?"

"మూడింట ఒక వంతు అంటారు సార్ అందరూ."

"అందరూ అనేది కాదు. మన బండిలో ఎంత?"

జనార్ధన్ పైనున్న గోనె బోరెంలో చేయి పెట్టి గుప్పెడు పత్తి తీశాడు.

"సగటు పాఠం చెప్పిన రోజు నువ్వేం చేస్తున్నావు?"

"పండుకోనుంటి సార్."

"మేలుకోనుండింది ఎవరు?"

ఉరుకుందప్ప, "ఒక్క బోరెంలో తీస్తే సాలదురా. అన్నిట్లో తీయల్ల. పైన, నడుమ, అడుగున" అన్నాడు. భీమసేనరావుకు ఆ పిల్లవాణ్ణి కావలించుకోవాలనిపించింది. ఇక ఎవరినీ ముట్టుకోకూడదని చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

కంసాలి దగ్గర చిన్న తరాజు తెచ్చారు. ప్రతి బోరెంలోనూ తీసిన పత్తి తూచి, అందరూ కింద కూర్చుని గింజలు వలిచారు. భీమసేనరావు కూడా కూర్చున్నాడు. దూది ఒకసారి, గింజలు ఒకసారి తూచి, జనార్ధన్ బొగ్గుతో గోడ మీద లెక్క వేశాడు.

"తగ్గింది సార్! రెండూ కలిపితే మొదటి తూకం రావడంలేదు!"

మళ్లీ తూచారు. మళ్లీ తగ్గింది. ఒకరినొకరు అనుమానంగా చూసుకున్నారు. ఉన్నట్టుండి ఉరుకుందప్ప పడీపడీ నవ్వాడు.

"సార్ కోటు చూడండ్రా!"

నల్లకోటు ముందుభాగమంతా దూది. క్లాసు క్లాసంతా ఆయన చుట్టూ మూగి పోగు పోగూ ఏరింది. ఆయన కదలకుండా, చేతులు చాచి, దిష్టిబొమ్మలాగ నిలబడ్డాడు. తరాజు సరిపోయింది. దూది నూటికి ముప్పై అయిదు.

"మూడింట ఒక వంతంటే నూటికి ముప్పై మూడు చిల్లర" అన్నాడు జనార్ధన్ గోడవైపు తిరిగి. "గిడ్డయ్య ధర ఆ లెక్కదే. ఆ పైదంతా మనదే సార్!" బొగ్గు చేతితో ముఖం తుడుచుకున్న సంగతి వాడికి తెలియదు.

వార్త చేరనే చేరింది. గోవిందయ్య వచ్చాడు. "ఏమప్పా, సదువు ఇడ్సిపెట్టి వ్యాపారంలో దిగినావంట?"

"దిగింది మా క్లాసండీ" అన్నాడు భీమసేనరావు.

గోవిందయ్య గోడ మీద లెక్క చదివాడు. ఒక బోరెంలో, ఇంకో బోరెం అడుగున చేయి పెట్టి తానే చూసుకున్నాడు. "మూడింట ఒక వంతు లెక్కన తీసుకుంటా."

"ముప్పై అయిదుకు తక్కువ లేదు గోవిందయ్యా. మీరే వలిపించి తూచుకోండి" అన్నాడు జనార్ధన్.

"పంతులు కోటు కూడా తూచినారంటనే!" అని నవ్వి గోవిందయ్య చేయి చాచాడు. జనార్ధన్ చేయి కలిపాడు, తిమ్మయ్య తువ్వాలు కప్పాడు. పక్కనున్నవాళ్లకు కనబడిందల్లా గుడ్డ కింద కదలికలు, జనార్ధన్ నుదుటి మీద చెమట. వాడు ఒకసారి తల అడ్డంగా ఊపాడు. మళ్లీ ఊపాడు. చివరికి తట్టిన చప్పుడు వినబడింది.

తూకం దగ్గర గిడ్డయ్యకు పైకం ముట్టింది. తిమ్మయ్యకు దలాలి రుసుము ముట్టింది. మిగిలింది క్లాసు మొత్తానికి బొరుగుల ఉగ్గాని, బజ్జీకి సరిపోయింది. బయట తినని భీమసేనరావు చేతిలో రెండు అరటిపండ్లు పెట్టారు. బజ్జీ నములుతూ జనార్ధన్, "సార్, ఆ బొగ్గు అమ్మిన దొర లెక్క ఉంది సూడండి, రేపు అది ఒకసారి సెప్తారా?" అని అడిగాడు.

గోవిందయ్య ఇంకా పోలేదు. భీమసేనరావు దగ్గరికి వచ్చి, ఆయన చేయి పట్టుకుని, తన భుజం మీది తువ్వాలు కప్పాడు. మూడు వేళ్లు పట్టాడు.

"మూడు నెలలా?"

"ఏండ్లప్పా. ఉగాది మాట మరిసిపో. క్లాసు మూడేండ్లు నడుపు."

భీమసేనరావు తట్టబోయి ఆగాడు. ఒక్క క్షణం పిల్లలవైపు చూశాడు. అందరూ నమలడం ఆపి ఆ తువ్వాలునే చూస్తున్నారు. ఆయన మెల్లగా గోవిందయ్య నాలుగో వేలు కూడా పట్టుకున్నాడు.

గోవిందయ్య కళ్లు పెద్దవి చేశాడు. తర్వాత యార్డంతా వినబడేటట్టు నవ్వి, తానే తట్టాడు.