సిస్టర్ గారి ఆరు పనిముట్లు

నా దగ్గర నూట ఎనిమిది పనిముట్ల పెట్టె ఒకటి ఉండేది. ఆన్‌లైన్‌లో కొన్నాను. నూట ఎనిమిది అంటే అష్టోత్తరంలాగా వినడానికి ఘనంగా ఉంటుంది కదా! తీరా తెరిచి చూస్తే అందులో ఎనభై దాకా మేకులూ స్క్రూలే. మిగిలినవాటిలో సుత్తి తల మొదటి వారంలోనే పిడి వదిలేసి ఎగిరి, మా ఆవిడ ఆవకాయ జాడీని పగలగొట్టింది. స్క్రూడ్రైవర్ కొన మెలితిరిగిపోయింది. ఆ జాడీ సంగతి మా ఇంట్లో ఇప్పటికీ మాట్లాడుకోం. నేను చెప్పబోయేది మా ఎదురింటి వసంతకుమారి గారి గురించి. పనిముట్లు ఎలా కొనాలో ఆవిడ దగ్గర నేర్చుకున్నాను గనక ముందుగా నా తెలివి ఏపాటిదో చెప్పుకోవడం ధర్మం.

ఆవిడది బాపట్ల వైపు. నర్సు చదువు పూర్తిచేసి ఢిల్లీ వచ్చి, ఒక పెద్దాసుపత్రి ఆపరేషన్ థియేటర్‌లో ముప్పై నాలుగేళ్లు పనిచేసి నిరుడు రిటైరయ్యారు. ఢిల్లీ ద్వారకలో మేముండే బ్లాకు మొత్తానికీ ఆవిడ సిస్టర్ ఆంటీ. వయసులో నేను మరీ చిన్నవాణ్ణి కాను కాబట్టి నాకు సిస్టర్ గారు. భర్త సాలొమోను గారు కేంద్ర ప్రభుత్వంలో సెక్షన్ ఆఫీసరుగా చేసి అంతకుముందే దిగిపోయారు. బంగారంలాంటి మనిషి. ఫైలు మీద నోటు రాయమంటే నాలుగు పేజీలు రాస్తారు, గోడకు మేకు కొట్టమంటే మాత్రం ప్రార్థనకు వేళయిందంటారు.

ప్రభుత్వం కట్టించిన మా డీడీఏ ఫ్లాట్లలో కొందరికి కింద చిన్న గ్యారేజీలున్నాయి. సాలొమోను గారు స్కూటరు అమ్మేశాక వాళ్ల గ్యారేజీ ఖాళీ అయింది. అందులో ఒక బల్ల వేసుకుని, చిన్నచిన్న మరమ్మతులు నేర్చుకుని చేయాలని సిస్టర్ గారి కోరిక. ఆయనేమో ఆవిడతో చెప్పకుండా, గేటు పక్కన కిరాణా కొట్టు రాజీవ్‌కి బియ్యం బస్తాలు పెట్టుకోవడానికి మార్చి ఒకటి నుంచి ఇస్తానని మాటిచ్చేశారు. ఆ సంగతి బయటపడ్డ రోజు ఖర్మకాలి నేను వాళ్లింట్లో టీ తాగుతున్నాను.

"మాటిచ్చేశాను వసంతా. ఖాళీగా పడుంటే ఎలకలు కాపురం పెడతాయి," అన్నారు సాలొమోను గారు.

"ఎలకలకంటే ముందు నన్నడగాలి గదండీ," అన్నారావిడ. తర్వాత గొంతు తగ్గింది. "ముప్పై నాలుగేళ్లు డాక్టర్ల పక్కన నుంచుని పనిముట్లు అందించాను. కోసింది వాళ్లు, కుట్టింది వాళ్లు. బాగైనోళ్లు దణ్ణం పెట్టిందీ వాళ్లకే. నాకేం బాధ లేదు. కానీ నా చేతుల్తో నేను చేసిన పనంటూ ఒకటుండొద్దా?"

సాలొమోను గారు నా వైపు చూశారు. నేను కప్పులోకి చూశాను. చివరికి ఆయన ఆఫీసు పద్ధతిలో ఒక మధ్యేమార్గం కనిపెట్టారు. ఫిబ్రవరి నెలాఖరు దాకా గడువు. ఈలోగా ఆ గ్యారేజీలో ఆవిడ నలుగురికీ పనికొచ్చే పని ఒక్కటి చేసి చూపిస్తే సరే, లేకపోతే తాళంచెవి రాజీవ్‌కి.

ఆ బుధవారమే ఆవిడ మా సెక్టారు సంతకు వెళ్లి పనిముట్లు తెచ్చారు. అద్దంలా మెరిసేవే ఏరి మరీ తెచ్చారు. ఆసుపత్రిలో మెరుపంటే మంచి ఉక్కు, ఏళ్లతరబడి ఆవిరిలో ఉడికినా చెక్కుచెదరదు. ఆ నమ్మకంతో ఇంటికి తెచ్చాక చేసిన పని ఇంకా గొప్పది. సంతలో ఎవరెవరు ముట్టుకున్నారోనని వాటిని సబ్బుతో కడిగి, గుడ్డలో చుట్టి, పాత కుక్కర్లో పెట్టి ఇరవై నిమిషాలు ఆవిరి పట్టారు. థియేటర్‌లోకి కొత్త పనిముట్టు వస్తే మొదట చేసేది అదే మరి! మెట్ల దాకా మిషను నూనె వాసన. పై అంతస్తువాళ్లు దిగివచ్చి, ఇవాళ ఏం కూర అని అడిగారు.

తెల్లారేసరికి మెరుగుపూత పొక్కులు లేచి, కింద ఇనుము ఎర్రగా తుప్పుపట్టింది. ప్లయర్ నోరు తెరవనని మొరాయించింది. సుత్తి కర్ర నీళ్లు తాగి పగిలింది. సాలొమోను గారు పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను. ఆవిడ నవ్వలేదు. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చుండిపోయారు. అప్పుడు నా మీద నాకే అసహ్యం వేసింది.

"శనివారం పాత ఢిల్లీలో చావ్‌డీ బజార్ వెళ్దాం సిస్టర్ గారూ. నా పెట్టె కూడా మూలన పడింది," అన్నాను.

రాజీవ్ చౌక్‌లో మెట్రో మారి చావ్‌డీ బజార్‌లో దిగాం. రిక్షాలను తప్పించుకుంటూ, నెత్తిమీద వైర్ల గుత్తుల కింద నడుస్తూ ఒక పాత ఇనపసామాను కొట్టుకు చేరాం. కొట్టు యజమాని లాలాజీకి డెబ్బై ఏళ్లుంటాయి. ఆవిడ బల్ల మీద ఉన్న ప్లయర్ తీసి, మూసి, కొట్టు బయటికి వెళ్లి ఎండకు ఎత్తి పట్టుకున్నారు. రెండు దవడల మధ్య నుంచి సన్నగా వెలుతురు కనిపించింది. పక్కన పెట్టేశారు. రెండోదీ అంతే. మూడోదాని కీలు వదులుగా ఆడింది. అయిదో ప్లయర్ దగ్గర లాలాజీకి ఓపిక పోయింది.

"బెహన్‌జీ, ప్లాస్ లేనా హై యా దామాద్ చున్‌నా హై?" అన్నాడు, ప్లయర్ కొంటున్నారా అల్లుణ్ణి వెతుకుతున్నారా అని.

ఆవిడ కళ్లద్దాల మీదుగా చూశారు. "దామాద్ వాపస్ నహీ హోతా లాలాజీ. యే ఆప్ వాపస్ లోగే?"

అల్లుణ్ణి ఎలాగూ తిప్పి పంపలేం, ఇదైనా మీరు వెనక్కి తీసుకుంటారా అనేసరికి లాలాజీ బొజ్జ కదిలేలా నవ్వాడు. టీ చెప్పాడు. లోపలి అర నుంచి నల్లగా, నూనె జిడ్డుతో ఉన్న సరుకు తీసి ముందు పెట్టాడు. చూడ్డానికి ఒక్కటీ బాగాలేదు. ఆవిడ మాత్రం ఒక ప్లయర్ ఎండకు పట్టుకుని, వెలుతురు రాకపోయేసరికి, పుట్టిన బిడ్డ ఏడుపు విన్నంతగా సంతోషపడ్డారు.

పోత పోసినవి విరుగుతాయనీ, ఎర్రగా కాల్చి సాగగొట్టినవి నిలుస్తాయనీ లాలాజీ చెప్పాడు. ఆవిడ కుక్కర్ సంగతి దాచకుండా చెప్పేశారు. ఆయన ఈసారి నవ్వలేదు. నీటికి తట్టుకునే ఉక్కు వేరు, దెబ్బకు తట్టుకునే ఉక్కు వేరని, దీనికి నూనెగుడ్డే స్నానమని చెప్పాడు. ఇన్నేళ్ల అనుభవం తప్పని తెలిసినందుకు ఆవిడ చిన్నబుచ్చుకుంటారనుకున్నాను. పుస్తకం తీసి రాసుకున్నారు.

తర్వాత సంచిలోంచి చిన్న చెక్కముక్క, నాలుగు స్క్రూలు తీశారు. ఇంటి నుంచి తెచ్చుకున్నారట! స్క్రూడ్రైవర్‌తో అక్కడే స్క్రూ బిగించి, విప్పి, కొన అరిగిందేమో నర్సుల చిన్న టార్చి వేసి చూశారు. తల వదులుగా ఆడుతోందేమోనని సుత్తిని చెవి దగ్గర ఊపారు. కర్రలో చారలు పిడి పొడవునా నిటారుగా ఉన్నాయో లేదో చూశారు. చేతికి నూనె రాసుకుని పట్టు జారుతుందేమో చూశారు. మొత్తం ఆరే కొన్నారు. ప్లయర్, చదును మూతి స్క్రూడ్రైవర్, స్టార్ మూతిది, అరకిలో సుత్తి, నోరు పెంచుకునే తగ్గించుకునే స్పానర్, కొలత టేపు. అన్నీ కలిపి నా నూట ఎనిమిదింటి ధరే అయింది. సుత్తితో మెట్రోలోకి వెళ్తే చెకింగ్ దగ్గర జవాబులు చెప్పుకోవాలని ఆటోలో వచ్చేశాం. దారంతా ఆ మూట ఆవిడ ఒళ్లోనే ఉంది.

ఆ మర్నాడు చర్చి నుంచి రాగానే గ్యారేజీలో పని మొదలైంది. గ్యారేజీ తలుపుకి మొదట బిగించిన గడియ ఏటవాలుగా వచ్చింది. సాలొమోను గారు తల పక్కకు వాల్చి దాన్ని చూసి, "ఇట్టా చూస్తే సరిగ్గానే ఉంది," అన్నారు. ఆవిడ విప్పి మళ్లీ బిగించారు. మా వంటింటి అలమార తలుపు సరిచేశారు. మా ఆవిడ ఆ రోజు నన్ను చూసిన చూపు నేను వర్ణించను. కానీ సాలొమోను గారు దీన్ని పొరుగువాళ్ల మొహమాటం కింద కొట్టేశారు. గడువు దగ్గరపడుతుంటే నాకే నిద్ర పట్టలేదు.

నెలాఖరు రోజున మూడో అంతస్తు మల్హోత్రా గారి కోడలు వీల్‌చైర్ కిందికి తెచ్చింది. ముందు చక్రం ఇరుసు వంగి తిరగడం లేదట. కంపెనీవాళ్లు రెండు వారాలన్నారట. ఎనభై ఆరేళ్ల వాళ్ల అత్తగారు పది రోజులుగా ఎండ ముఖం చూడలేదు. చలికాలమంతా ఎండకోసమే బతికే ఊళ్లో అది చిన్న శిక్ష కాదు.

సాయంత్రం నాలుగింటికి సాలొమోను గారు తాళంచెవి పట్టుకుని రాజీవ్‌ని వెంటబెట్టుకొచ్చారు. నేను గ్యారేజీ తలుపు దగ్గరే ఉన్నాను. బల్ల మీద వీల్‌చైర్ తలకిందులుగా ఉంది. సిస్టర్ గారు ఇరుసు సుత్తితో సరిచేసి, చక్రం ఎక్కించి, ఎడంచేత్తో అదిమి పట్టుకున్నారు. వదిలితే మళ్లీ మొదటికొస్తుంది. స్పానర్ బల్ల అవతలి కొసన ఉంది. ఆవిడ తల ఎత్తలేదు. కుడిచెయ్యి గాల్లోకి చాపి, "స్పానర్," అన్నారు.

ఎవరితో అన్నారో ఆవిడకే తెలియదు. నేను కదలబోతే సాలొమోను గారు నా భుజం పట్టి ఆపారు. చాచిన ఆ చేతిని చూస్తూ ఒక్క క్షణం నిలబడ్డారు. వెళ్లి స్పానర్ తీసి అందులో పెట్టారు.

"అట్టా కాదు. పిడి నా చేతికి రావాల," అన్నారావిడ, కళ్లు చక్రం మీదే ఉంచి.

ఆయన తిప్పి పెట్టారు. నట్టు బిగిసింది. ఆవిడ వేలితో తడితే చక్రం చప్పుడు లేకుండా తిరిగింది.

వెనక నుంచి రాజీవ్, "అంకుల్‌జీ, చాబీ?" అన్నాడు.

"చాబీ నహీ మిలేగీ బేటా. మాఫ్ కర్నా. యహాఁ కామ్ చల్ రహా హై," అన్నారు సాలొమోను గారు, తాళంచెవి ఇవ్వడం కుదరదు, ఇక్కడ పని నడుస్తోందని.

అప్పుడు ఆవిడ తలెత్తారు. "మీరా ఇచ్చింది?"

"నేనే," అన్నారాయన, తాళంచెవి బల్ల మీద పెట్టి. "ఇంకేం అందించమంటావో చెప్పు."