మళ్ళీ వచ్చి చూసే మావయ్య

మా మావయ్య ప్లంబరు. ప్లంబర్లు ఎన్నిసార్లు పిలిచినా రారని లోకమంతా మొత్తుకుంటుంటే, మా మావయ్య పిలవకపోయినా వస్తాడని ఆయనచేత పని చేయించుకున్నవాళ్ళు మొత్తుకునేవారు. ఆయనకున్న పిచ్చి అదొక్కటే. తాను బిగించిన పైపును ఏళ్ళు గడిచినా మళ్ళీ వెళ్ళి చూసుకోవాలి. "బిగించిన రోజు ఏ పైపూ కారదురా. దాని సంగతి పదేళ్ళకి తెలుస్తుంది" అనేవాడు.

ఇల్లు రెండు చేతులు మారినా ఆయనకు పట్టేది కాదు. ఒకచోట కొత్తగా దిగిన ఇల్లాలు వంట చేసుకుంటుంటే, ఏమీ లేదమ్మా చూసి పోతానంటూ నేరుగా సింకు కిందికి దూరాడు. ఆవిడకు కనిపించింది రెండు కాళ్ళు మాత్రమే. పోలీసులు వచ్చి తీసుకెళ్ళారు. ఇన్‌స్పెక్టరు ప్రశ్నలు వేస్తుంటే మావయ్య కళ్ళు స్టేషన్ మూలనున్న కుళాయి మీదే ఉన్నాయట. అరగంటలో దాన్ని బాగుచేసి, టీ తాగి ఇంటికొచ్చాడు. అప్పటినుంచీ ఆర్నెల్లకోసారి ఆ కుళాయిని చూడ్డానికి వెళ్ళేవాడు. తనంతట తాను స్టేషన్‌కి నడిచొచ్చే మనిషిని చూసి ప్రతి కొత్త ఇన్‌స్పెక్టరూ ముందు కంగారుపడేవాడు.

నలభై నాలుగో ఏట నాకు గుండెనొప్పి వచ్చింది. రక్తనాళం మూసుకుపోయిందని స్టెంట్ వేశారు. మంచం చుట్టూ అందరూ కళ్ళు తుడుచుకుంటుంటే, మావయ్య డాక్టర్ని పట్టుకుని ఆ గొట్టం సైజెంత, ఏ లోహం, ఎన్నాళ్ళు వస్తుంది అని ఆరా తీశాడు. డాక్టరు ఓపికున్న మనిషి. స్టెంట్ ఆ ఒక్కచోటే దారి తెరిచి ఉంచుతుందనీ, అది మళ్ళీ పూడుకోకుండా, ఇంకోచోట కొత్తగా పూడుకోకుండా చూసుకోవాల్సింది నేనేననీ చెప్పాడు. మాత్రలు మానకూడదు, సిగరెట్టు ముట్టకూడదు, రోజూ నడవాలి.

"మరి మీరు వెళ్ళి చూసుకోరా?" అన్నాడు మావయ్య.

"ఆయనే రావాలండీ."

మావయ్య ఆయన్ని పని రానివాణ్ణి చూసినట్టు చూశాడు. బయటికొచ్చి మా ఆవిడతో, "బిగించినాయన రాడటమ్మా. నేనే చూస్తాలే" అన్నాడు.

ఇక ప్రతి నెలా మొదటి సోమవారం సాయంత్రం సామాన్ల సంచితో దిగేవాడు. ముందు మాత్రల అట్ట లెక్కపెట్టేవాడు. తర్వాత నన్ను కిందికి దింపి, మూడంతస్తుల మెట్లు ఎక్కించి, వెనకాలే వస్తూ నా ఊపిరి వినేవాడు. ఒకసారి నేను ప్రూఫులు దిద్దే ప్రెస్సుకే వచ్చి, మావాడు సిగరెట్లు కాలుస్తున్నాడా అని మా యజమానిని అడిగాడు. రోజూ నాకు సిగరెట్టు ఇచ్చేది ఆయనే. లేదు లేదని ఒట్టేశాడు పాపం. ఆ రోజుతో ఇద్దరం మానేశాం.

మూడో ఏడు వచ్చేసరికి నాకు ఒంట్లో ఏ బాధా లేదు. బాగైపోయినవాడికి మందులెందుకు అనిపించింది. కానీ మానేస్తే అట్టలో మాత్రలు మిగులుతాయి, లెక్క దొరికిపోతుంది. అందుకని రోజూ ఒకటి తీసి, వాష్‌బేసిన్ కింద బోలుగా ఉండే పింగాణీ స్టాండు వెనక పడేసేవాణ్ణి. ఆ బేసిన్ బిగించింది మావయ్యే. ప్లంబరు కంటపడకుండా దాచడానికి నాకు ఈ భూమ్మీద అంతకంటే మంచి చోటు దొరకలేదు.

ఒక సోమవారం ఆయనకు ఆ బేసిన్ గుర్తొచ్చింది. స్టాండు పక్కకు జరిపాడు. మాత్రలు గదంతా దొర్లాయి. మావయ్య వంగి ఒక్కొక్కటీ ఏరి పాత పేపరు మీద పెట్టాడు. నలభై మూడు. మా ఆవిడ ఏడుస్తూ నిలబడింది.

"మానేశావా?" అన్నాడు. అంతే, ఒక్క మాట కూడా తిట్టలేదు. తిట్టి ఉంటే తల వంచుకునేవాణ్ణేమో. దొరికిపోయిన సిగ్గులో నోరు జారాను.

"నువ్వు నీ పైపులు చూసుకో మావయ్యా. నా గుండె సంగతి నీకెందుకు? ఇంక రావద్దు."

ఆయన చేతులు కడుక్కుని, సంచి సర్దుకుని వెళ్ళిపోయాడు. మర్నాటినుంచి నేను మాత్ర మానలేదు. ఆయన మాత్రం మళ్ళీ మా గడప తొక్కలేదు. ఎక్కడైనా ఎదురుపడితే పిల్లల చదువులు అడిగి పక్కకు తప్పుకునేవాడు. క్షమించమని అడగడానికి నాకు మొహం చెల్లలేదు. స్టెంట్ వేసిన పదో ఏట పరీక్షలు చేసి, గుండె చక్కగా పనిచేస్తోందని డాక్టరు మెచ్చుకున్నాడు. ఆ రిపోర్టు పట్టుకుని వెళ్ళి ఆయన కాళ్ళ మీద పడాలనుకున్నాను. వచ్చే ఆదివారం, ఆ పై ఆదివారం అనుకుంటూ ఏడాది గడిపేశాను. ఈలోగా జ్వరం వచ్చి, నాలుగు రోజుల్లో మావయ్య పోయాడు. ఇంత చేతకానితనం నాలో ఉందని నాకే తెలియదు.

వారం తర్వాత మా పై అంతస్తు ఆవిడ పరామర్శకు వచ్చింది. పెద్దావిడ, మెతక మనిషి. కాసేపు కూర్చుని, "మీ మావయ్యగారు నెలనెలా మా ఇంటికొచ్చేవారండీ. మీతో మాటల్లేవనీ, మీకు చెప్పొద్దనీ అన్నారు" అంది.

"మీ ఇంటికా? ఎందుకు?"

"మా కుళాయి చూడ్డానికి. మీకు గొడవైన నెలలోనే మొదలైంది. మొదటి సోమవారం, మీరు ఆఫీసునుంచి వచ్చే వేళకి. వచ్చి కుళాయి వంక కూడా చూసేవారు కాదు. మెట్ల మొగన నిలబడి కిందికి చెవొగ్గి వినేవారు. మీరు పైకొచ్చి తలుపేసుకున్నాక, 'మావాడు ఎక్కడా ఆగకుండా ఎక్కాడమ్మా' అని సంబరపడేవారు. అప్పుడు కుళాయి బిగించి వెళ్ళేవారు."

ఆవిడ మొహమాటపడుతూ మళ్ళీ అందుకుంది.

"పోయినాయన్ని అనకూడదు గానీ, ఆయనకి పని అంత బాగా వచ్చినట్టు లేదండీ. ఎనిమిదేళ్ళు నెలనెలా బిగించారు. ఆయన అటు వెళ్ళగానే మళ్ళీ కారేది."

నలభై ఏళ్ళ పనిలో ఒక్క చుక్క కారనివ్వని మనిషి. ఎనిమిదేళ్ళపాటు నెలనెలా తన చేత్తో తానే వదులు చేసి, పని రానివాడనిపించుకున్నాడు. నాకు ఒక్కసారిగా నవ్వొచ్చింది. కళ్ళు తుడుచుకుంటూనే నవ్వుతుంటే ఆవిడ కంగారుగా మా ఆవిడ వంక చూసింది.

"ఆయనంత పనిమంతుడు ఇంకొకడు లేడండీ" అన్నాను.

"మీకు మావయ్య కదా, అలాగే ఉంటుంది లెండి" అంది ఆవిడ జాలిగా. తర్వాత గొంతు తగ్గించి, మంచి ప్లంబరు ఎవరైనా తెలుసా అని అడిగింది.