అమ్మ గెలిచిన కూలర్

ఆ ఎండాకాలం అమ్మ దవాఖానకు రానని మొండికేసింది. ఏటూరునాగారం నుంచి హనుమకొండ దాకా బస్సులో కూర్చోవడం, క్యాన్సర్ మందు ఎక్కించుకోవడం, దారి పొడవునా వాంతులతో తిరిగి రావడం. "నాతోని కాదు బిడ్డా, ఇంట్లనే ఉంట" అంది. నాయిన బతిమాలాడు. నేను ఏడ్చాను. వినలేదు.

చివరికి ఆమెను బస్సెక్కించింది ఆర్టీసీ వాళ్ళ లక్కీ డ్రా. టికెట్ వెనక పేరు, ఫోన్ నంబరు రాసి బస్టాండులో పెట్టిన డబ్బాలో వేస్తే, నెలాఖరున తీసి బహుమతులిస్తారట. అంతకుముందు ప్రయాణంలో కండక్టరమ్మ ఆ సంగతి చెబితే అమ్మ నమ్మలేదు.

"మా ఆడోళ్ళకు బస్సు ఫ్రీ, ఉత్త టికెటాయె. పైసలియ్యనోళ్ళకు బహుమతులిస్తరా?"

"జీరో టికెట్ సుత చెల్లుతది అత్తా. కూలర్ కూడా ఉన్నది."

కూలర్ అనగానే అమ్మ చెవులు రిక్కించింది. మందు పడ్డప్పటి నుంచి ఆమెకు ఒళ్ళంతా మంటలు. తడిగుడ్డ కప్పుకుని పడుకునేది. నాయిన ఆ మాటే పట్టుకున్నాడు. "దవాఖానకు వద్దులే. టికెట్ ఏసొద్దాం పా" అన్నాడు. అమ్మ నవ్వి, చెప్పులు వేసుకుంది.

ఆ తర్వాత మానలేదు. బస్సు దిగగానే ముందు డబ్బా దగ్గరికే. పేరు నేను రాసేదాన్ని, టికెట్ తనే వేసేది. ఎంత నీరసంగా ఉన్నా నా భుజం పట్టుకుని నడిచేది. తిరుగు బస్సులో, కూలర్ కిటికీ దగ్గర పెట్టాలా, మంచం పక్కన పెట్టాలా అని నాయినతో వాదన.

నెలాఖరున డ్రా తీశారు. మాకు ఫోన్ రాలేదు. ఆ వారంలోనే డాక్టరు నాయినను, నన్ను పక్కకు పిలిచి, ఇక తిప్పొద్దు, ఇంట్లోనే బాగా చూసుకోండి అన్నాడు.

రెండు రోజులకు నాయిన ఆటోలో కూలర్ తెచ్చాడు. "నీకే తాకిందే! ఫోన్ చేసిండ్రు, పోయి తెచ్చిన" అని వాకిట్లోంచే కేకేశాడు. అమ్మ లేచి కూర్చుని దాన్ని అరచేత్తో నిమిరింది. చూడ్డానికి వచ్చిన వాళ్ళందరికీ "బస్సుల గెలిచిన" అని చెప్పుకుంది. వాడకట్టు వాళ్ళు టికెట్లు ఎట్లా వెయ్యాలో ఆమెనే అడిగారు.

ఒక మధ్యాహ్నం నాయిన బయటికి పోయాక నన్ను దగ్గరికి పిలిచింది.

"గెలిచినోళ్ళను బస్టాండుకు పిలిచి ఫోటో తీస్తరట గదా. నన్నెందుకు పిలువలే?"

నేను లేవబోయాను. అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"మీ నాయినకు అబద్ధమాడుడు రాదు. నాకెరుకైందని చెప్పకు బిడ్డా. జర సంబురంగ ఉన్నడు."

వానలు మొదలు కాకముందే అమ్మ పోయింది. చివరి రోజుల్లో మంటలు తగ్గలేదు గానీ, ఆ గాలి తగిలితే కాసేపు కళ్ళు మూసుకునేది. అంతవరకే.

దినాలకు వచ్చిన చుట్టాల్లో ఎవరో, కూలర్ ఎప్పుడు కొన్నారని అడిగారు.

"కొనలే. ఆమెనే గెలుచుకున్నది" అన్నాడు నాయిన. అంటూ నావైపు చూశాడు.

"అవును, అమ్మనే గెలిచింది" అన్నాను.

నాయిన లేచి పెరట్లోకి పోయాడు. చాలాసేపు రాలేదు. వెళ్ళి చూస్తే, అమ్మ బట్టలుతికే బండ మీద తల వంచుకుని కూర్చున్నాడు. నేనూ పక్కన కూర్చున్నాను. అమ్మకు తెలుసన్న మాట నోటిదాకా వచ్చింది. చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు.