రిబ్కమ్మ కొలిచే నీళ్లు

నేను సైన్సు మాస్టారిని. లక్సెట్టిపేటకు ఏడు కిలోమీటర్ల లోపలున్న ఒక ఊరి బడిలో పదకొండేళ్లుగా పాఠాలు చెబుతున్నాను. ఏటా పర్యావరణ దినోత్సవం నాడు అదే గుంటలో కొత్త మొక్క నాటి, ఫోటో తీసి పై అధికారులకు పంపడం నేను చేసే సేవల్లో ఒకటి. భూగర్భ జలాల పాఠం కూడా రంగు సుద్దలతో బొమ్మ వేసి బాగానే చెబుతాను. కానీ ఆ పాఠం నాకు నిజంగా తలకెక్కింది రిబ్కమ్మ వల్ల. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. ఎందుకంటే ఆమె ఐదో తరగతి దాటలేదు, నేనేమో ఎమ్మెస్సీ.

రిబ్కమ్మకు యాభై నాలుగేళ్లు. సన్నగా, పొడుగ్గా ఉంటుంది. మాట పెళుసు. భర్త ఏలియా ఊళ్లోని మెథడిస్టు చర్చిలో ఊడ్చి, గంట కొట్టి, మిగతా వేళ వాళ్లకున్న ఎకరంన్నర పొలం చూసుకుంటాడు. ఆమె ఒకటంటే ఆయన రెండనడు. ఇరవై ఏళ్ల కిందే ఆ ప్రయత్నం మానుకున్నానని నాతో ఒకసారి నవ్వుతూ చెప్పాడు.

గోదావరి మాకు కళ్ల ముందే ఉంటుంది గానీ, ఊరు మిట్ట మీద ఉంది కాబట్టి కాలువ నీళ్లు ఎక్కవు. వానకాలం పోయాక వేసే అరవై ఎకరాల యాసంగి వరి అంతా బోర్ల మీదే. ఎవరి బోరు వాళ్లది, ఎవరి మోటరు వాళ్లది, అడిగేవాడెవడన్న ధీమా ఒకప్పుడు అందరికీ ఉండేది. తొమ్మిదేళ్ల కింద ఒక మార్చిలో, కంకులు పాలు పోసుకునే వేళకు ఆ బోర్లన్నీ ఒకదాని వెనక ఒకటి నీళ్లకు బదులు గాలి కొట్టాయి. కోతకు రావలసిన వరిలోకి గొర్రెలను తోలారు. రిబ్కమ్మ పొలంలోనూ గొర్రెలు మేశాయి. ఆ రోజు ఆమె ఏడవలేదట. చర్చి వెనక బావిలోకి చాలాసేపు తొంగిచూసి, ఇంటికి పోయి ఒక తాడు, రాయి తెచ్చిందట.

అప్పటినుంచి నెలనెలా మొదటి ఆదివారం ఆ బావిని కొలుస్తూనే ఉంది. తాడుకు మూరకొక ముడి, కొసకు రాయి. నీళ్లు తగిలేదాకా వదిలి, గట్టు దాటి ఎన్ని ముడులు లోపలికి పోయాయో లెక్కపెడుతుంది. మోటర్లు నడుస్తుంటే నీటిమట్టం సరిగ్గా తేలదని, ఆ ఒక్క ఉదయం ఆమె కొలిచేదాకా ఊళ్లో ఎవరూ మోటరు పెట్టకూడదని కట్టడి చేయించింది. ఆరాధన ముగించుకుని తెల్లచీరతోనే బావి దగ్గరికి వస్తుంది. తర్వాత మా బడి గోడ మీద ఎర్రమట్టి జాజుతో అంకె వేస్తుంది. మొదటిసారి గోడ పాడవుతోందని నేను కసురుకున్నాను కూడా.

"బోర్లు యాభై ఉన్నయ్ సారూ, కింద కుండ ఒక్కటే," అంది నాతో. "వానకాలం నింపుతది, యాసంగి మనం తాగుతం. నింపినంతనే తాగాలె. గంతే గదా నీ పాఠం?"

అంతే. పుస్తకంలో దానికి ఆరు పేజీలున్నాయి.

ఏళ్ల తరబడి అంకెలు చూసీ చూసీ ఊరు ఒక పద్ధతికి వచ్చింది. నవంబరులో నీళ్లు పన్నెండు మూరల లోపల ఉంటే అరవై ఎకరాలూ వరి నాటుకోవచ్చు. పధ్నాలుగుకు పోతే సగమే. ఏ ఆఫీసూ ఇచ్చిన ఉత్తర్వు కాదది. మీటింగు పెట్టి, బిస్కెట్లు పంచి, తెర మీద బొమ్మలు చూపించి వెళ్లినవాళ్ల మాట వినని ఊరు గోడ మీది అంకెను విన్నది.

పోయిన నవంబరులో ఆమె గోడ మీద పన్నెండు వేసింది. రైతులు సంబరపడి నారు పోసుకున్నారు. అందరికన్నా ముందు హనుమండ్లు పోశాడు. అతనికి మిట్ట మీద మూడెకరాలుంది.

డిసెంబరులో, క్రిస్మస్ ఇంకా పది రోజులుందనగా, మధ్యాహ్నం భోజనాల వేళ రిబ్కమ్మ బడికి వచ్చింది. చేతిలో తాడు. మొహం మాడిపోయి ఉంది. పాత కొబ్బరితాడు తెగిపోతే, సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద పనిచేసే పర్శరాములు అనే ఆయన వృథా నూలు పేని కొత్త తాడు చేసి ఇచ్చాడు. రెండేళ్లుగా దాంతోనే కొలుస్తోంది. ఆ పొద్దున ఒక ముడి వదులైందని విప్పి, మోచేతి నుంచి వేలి కొస దాకా తాడును పెట్టుకుని మళ్లీ ముడి వేయబోయింది. పక్క ముడి వేలి కొస దాటి నాలుగు వేళ్ల అవతల ఉంది. ఆ పక్కదీ అంతే. తాడంతా అంతే.

"నానుడు, ఎండుడు, రాయి గుంజుడు. తాడు సాగింది సారూ. ముడికి నాలుగు వేళ్లు ఎక్కువుంది. పన్నెండు ముడులకు రెండు మూరలు," అంది.

అంటే నీళ్లు పన్నెండు మూరల్లో లేవు, పధ్నాలుగులో ఉన్నాయి. నారు పోసి అప్పటికి పక్షం దాటింది. వారంలో దమ్ము చేస్తారు. అరవై ఎకరాలూ నాటితే మార్చిలో మళ్లీ గొర్రెలే.

నాకు చప్పున ఒక తెలివైన ఉపాయం తోచింది. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ చెబుతాను.

"ఈ నెలలో నీళ్లు రెండు మూరలు దిగినయని రాయి. నాట్లు తగ్గించుకుంటారు, నీకు మాట రాదు. ఎవరికి తెలుస్తుంది?" అన్నాను.

రిబ్కమ్మ నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది.

"నీళ్లు దిగలే సారూ. నేను తప్పు కొలిచిన. నీళ్ల మీద అబద్ధం రాస్తే గా గోడ మీద ఇగ ఏం రాసినా అబద్ధమే."

సాయంత్రం బడి ఎదురుగా పాల కేంద్రం దగ్గర ఊరు ఊరంతా చేరుతుంది. అందరూ వచ్చాక ఆమె తడిగుడ్డతో పన్నెండు తుడిచేసింది. పధ్నాలుగు వేసి, కింద "తప్పు నాది. రిబ్కమ్మ" అని రాసింది. తాడును తన చేతి పక్కన పెట్టి అందరికీ చూపించింది. చెప్పాల్సింది నాలుగు ముక్కల్లో చెప్పేసింది.

హనుమండ్లు పాల క్యాను ధన్‌మని కింద పెట్టాడు.

"నీ మాట పట్టుకొని మూడెకరాలకు నారు పోసిన. గిప్పుడు తప్పంటవా?"

"అవు తమ్మీ. తప్పే."

"సదువు లేనిదాని మాట విన్నం సూడు, మాది తప్పు!"

మాట్లాడవలసినవాణ్ణి నేను. నాకు చదువుంది కదా! నేను నా వేళ్లకంటిన సుద్దను చూసుకుంటూ నిలబడ్డాను. ఏలియా మాత్రం మెల్లగా వచ్చి భార్య పక్కన నిలబడ్డాడు. రిబ్కమ్మ తల దించుకోలేదు. తొమ్మిదేళ్ల నమ్మకం ఆ ఒక్క మాటతో కొట్టుకుపోయిందనే అనుకున్నాను.

అప్పుడు అరుగు మీంచి కమలవ్వ అనే డెబ్బై ఏళ్ల ఆమె నోరు విప్పింది. ఆమెకున్నదల్లా అరెకరం.

"ఆమె చెప్పకపోతే నీకు ఎప్పుడు తెలుస్తుండె హనుమండ్లూ? బోరు గాలి కొట్టినంక తెలుస్తుండె. నారే పోయింది, పంట పోలే గదా," అని రిబ్కమ్మ వైపు తిరిగింది. "ఇగో రిబ్కా, అయిందేదో అయింది. ఇప్పుడు ఎన్నెకరాలు నాటమంటవో చెప్పు."

రిబ్కమ్మ మళ్లీ ఊరి వైపు తిరిగింది. "ముప్పై. కింది మడులల్ల వరి. మిట్ట మీద మక్కజొన్ననో, నువ్వులో. గవ్విటికి నీళ్లు తక్వ."

హనుమండ్లు భూమంతా మిట్ట మీదే. ఆమె ఎకరంన్నర కింది మడుల్లో ఉంది. ఆమె అతని దగ్గరికి నడిచింది.

"నా మడిల నీ నారు నాటుకో తమ్మీ. ఈ యాసంగికి మిట్ట మీది నీ చెలకల ఎకరంన్నర నాకియ్యి, నువ్వులు అలుకుత."

"మరి నీ నారు?"

"దున్నుత."

మర్నాడు పొద్దున దున్నేసింది కూడా. జానెడెత్తు పెరిగి నిగనిగలాడుతున్న నారు బురదలోకి పోతుంటే ఏలియా మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఆమె చూస్తూనే ఉంది. బడికి పోతూ గట్టు మీద ఆగిన నేను, ఆ క్షణాన ఆమెకు చేతులెత్తి మొక్కాలనుకున్నాను. మొక్కలేదు. మాస్టారి బింకం ఒకటి ఉంటుంది కదా.

ఆ మార్చిలో బావి నీళ్లు బాగా కిందికి పోయాయి గానీ బోర్లు ఆగలేదు. పక్క ఊళ్లో ఎండిన వరిలో గొర్రెలు మేస్తుంటే మా కింది మడుల్లో కంకులు బరువుకు వంగాయి. హనుమండ్లు రిబ్కమ్మ పొలంలో వడ్లు కోసుకున్నాడు. ఆమె అతని చెలకలో నువ్వులు దులుపుకుంది. అతను మంచిమాట ఒక్కటీ అనలేదు. అతని తీరే అంత.

ఈ నవంబరు మొదటి ఆదివారం నేను కూడా బావి దగ్గరికి వెళ్లాను. మోటర్లన్నీ ఆగి ఉన్నాయి. మాకంటే ముందే హనుమండ్లు వచ్చి గట్టు మీద కూర్చున్నాడు. రిబ్కమ్మ ముడులు లెక్కపెట్టి, తాడు పైకి లాగి, చుట్ట చుట్టగానే హనుమండ్లు లేచాడు.

"ఎంతక్కా?"

"పదకొండున్నర. తాడును గూడ కొలిచిన."

హనుమండ్లు ఇంకేమీ అడగలేదు. గోడ మీద అంకె పడేదాకా కూడా ఆగలేదు. నేరుగా ఇంటికి పోయి విత్తనం వడ్లు నానబోశాడు.