మేరీ కారుకు నా బొట్టుబిళ్ల

గాంధీ చౌక్‌లో ఒక పెద్దమనిషి మేరీ కారు బానెట్ మీద చాయ్ గ్లాసు పెట్టుకుని, దానికే ఆనుకుని నిలబడ్డాడు. తెల్లటి అంగీ, చేతికి రెండు ఉంగరాలు. మేమిద్దరం కూరగాయల సంచులతో వచ్చి లోపల కూర్చున్నాం. మేరీ మీట నొక్కి, అద్దం దించింది.

"అన్నా, జర పక్కకు జరుగు. బండి తీస్తున్న."

"ముందుగాల స్టార్ట్ చెయ్యి అక్కా, అప్పుడు జరుగుత," అన్నాడాయన.

"స్టార్ట్ అయింది."

"ఏడ అయింది? సప్పుడే లేదు. నాకు బండ్లు తెల్వదనుకున్నవా?"

"నీకు తెలుసో తెల్వదో గాని, బండయితే స్టార్ట్ అయింది. రెండోసారి చెప్తున్న."

ఆయన నవ్వి పక్కవాళ్లకు కన్ను గీటాడు. మేరీ మూడోసారి చెప్పలేదు. కారు చడీచప్పుడు లేకుండా జానెడు వెనక్కి జరిగింది. ఆనుకున్నది కాస్తా లేకుండా పోయేసరికి ఆయన తూలాడు, గ్లాసు జారింది, చాయ్ మొత్తం తెల్లటి అంగీ తాగింది. ఇక చూడాలి. చాయ్ పైసలియ్యి, అంగీ ఉతికియ్యి, ఆడోళ్లకు బండెందుకు అని చౌక్ అంతా వినబడేట్టు మొదలుపెట్టాడు. మేరీ దిగి, నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది.

"నేనేమన్న అబద్ధం చెప్పిన్నా అన్నా? స్టార్ట్ అయిందన్న. నువ్వు నమ్మలే. నువ్వు నమ్మకపోతే పోయిన చాయ్‌కి నన్నడుగుతవేంది?"

ముందు చాయ్ కొట్టువాడు నవ్వాడు, తర్వాత చౌక్ నవ్వింది. చివరికి ఆ పెద్దమనిషే వంగి, బానెట్‌కు చెవి ఆనించి, నిజంగానే చప్పుడు లేదని ఒప్పుకుని, మా ఇద్దరికీ చాయ్ చెప్పి పోయాడు.

అది హైబ్రిడ్ కారు. బ్యాటరీ ఒకటి, పెట్రోలు ఇంజిను ఒకటి, రెండూ ఉంటాయి. మెల్లగా పోతే బ్యాటరీ లాగుతుంది, ఇంజిను పడుకుంటుంది. జోరు పెంచితే ఇంజిను లేస్తుంది. నాకు అర్థమైంది ఇంతే. పక్కసీట్లో కూర్చునేదానికి ఇంత చాలు.

మేరీ బోధన్ దగ్గర చెరుకు తోటల మధ్య ఊళ్లో పుట్టింది. వాళ్ల బాపు నిజాంసాగర్ కాలువ కింద నీరటికాడు, ఎవరి మడికి ఎప్పుడు నీళ్లు వదలాలో చూసేవాడు. తల్లి సాయవ్వ చెరుకు నరికే కూలికి పోయేది. మేరీ చదువు ఏడో తరగతితో ఆగింది. నిజామాబాద్‌లో ఆడపిల్లల హాస్టల్లో వంటకు కుదిరి, అక్కడే తల నెరిసింది. పెళ్లెందుకు చేసుకోలేదని అడిగితే, "ఇంతమందికి వండిపెడుతున్న, ఇంకొకనికి పెట్ట నాతోని కాదు" అనేది. ఆమె పప్పు మాడిందని ఒక్క పిల్లా అనలేదు. అనే ధైర్యం ఎవరికీ లేదు.

పని నుంచి దిగిపోయిన నెలలోనే, ఒక డాక్టరు వాడిన ఈ కారు కొన్నది. కొన్నాక డ్రైవింగ్ నేర్చుకుంది. లోకమంతా ముందు నేర్చుకుని తర్వాత కొంటుంది, మేరీకి ఆ వరస పట్టింపు లేదు. ఆమె నేర్చుకునే రోజుల్లో మా గల్లీ మొత్తం అరుగుల మీదికి వచ్చి నవ్వింది. ఎదురింటి అరుగు మీద బీడీలు చుట్టుకునే నేను మాత్రం నవ్వలేదు. నన్ను లాక్కుపోయి పక్కసీట్లో కూర్చోబెట్టింది కదా, నవ్వడానికి ఊపిరేది?

కారు కొనడం ఆమె తమ్ముడు జయరాజ్‌కు ఇష్టం లేదు. అతను ధర్పల్లిలో పసుపు వేస్తాడు. సొంత ట్రాక్టరుంది, అందుకని ఇంజిన్ల గురించి తనకు తెలియనిది లేదనుకుంటాడు. మంచివాడే. అక్క ఒంటరిగా దారిలో ఆగిపోతే ఎట్లా అని అతని భయం. భయాన్ని భయమని చెప్పడం రాక షరతు పెట్టాడు.

"ఇంజిను ఖరాబైతె తాళాలు నాకియ్యాలె. నేనే అమ్మిపెడ్త. మాటియ్యి అక్కా."

"ఇచ్చిన పో," అన్నది మేరీ.

ఆ తర్వాత ఆయిల్ సంగతి వచ్చింది. ఆరు నెలలు గానీ, పదివేల కిలోమీటర్లు గానీ, ఏది ముందయితే అప్పుడు మార్పించమని బోధన్ రోడ్డు మీది మెకానిక్ రంజిత్ చెప్పాడు. జయరాజ్ ఒప్పుకోలేదు.

"ట్రాక్టర్‌కు కిలోమీటర్లెవడు సూస్తడు? గంటలు సూస్తరు. ఇంజిను ఎన్ని గంటలు నడిస్తే గంతకే ఆయిలు. నీ బండిల ఇంజిను సగం పొద్దు పండుకునే ఉంటది. ఆయిలెట్ల ఖరాబైతది? రెండేండ్ల దాక ముట్టకు."

లెక్క నాకూ సరిగానే తోచింది. వెలిగించని పొయ్యికి మసి పట్టదు కదా. తమ్ముడు చెప్పిన మాట ఒక్కటైనా వింటే వాడికి సంతోషమని మేరీ విన్నది. కారు కూడా పోయేదెంత దూరమని? చర్చికి, మార్కెట్‌కు, నా మందుల కోసం దుకాణానికి. నేను పక్కనుంటే జోరు అసలే ఉండదు. "మెల్లగ, మేరీ, మెల్లగ" అంటూనే ఉంటాను. ఇంత వయసు వచ్చింది మెల్లగా పోబట్టే.

రెండో ఏడు చలికాలంలో జయరాజ్ పసుపు బస్తా తెచ్చి దించి, ఊరికే ఉండలేక బానెట్ ఎత్తాడు. ఆయిల్ పోసే చోట మూత తిప్పి తీశాడు. మూత అడుగున తెల్లగా, వెన్నలాంటిది పట్టి ఉంది.

"అయిపోయింది," అన్నాడు. "ఆయిల్ల నీళ్లు కలిసినయ్. మా ట్రాక్టర్‌కు గిట్లనే అయితే ఇంజిను మొత్తం ఇప్పిన్రు. తాళాలియ్యి అక్కా. జక్రాన్‌పల్లిల ఒకాయన అడుగుతుండు. ఉన్నదున్నట్టు చెప్పి అమ్ముత."

హాస్టల్లో గంజి మీద పడి చెయ్యి కాలినప్పుడు కూడా మేరీ మొహం అట్లా కాలేదు. తాళాలు కొంగున ముడేసి ఉన్నాయి. మాట ఇచ్చిన మనిషి కదా, ముడి మీద చెయ్యి వేసింది. నేను ఆగలేకపోయాను.

"డాక్టర్ సూడకముందె పాడె కడ్తవేందిరా జయరాజ్? రంజిత్‌కు సూపియ్యనియ్యి."

"సూపియ్యున్రి అవ్వా. ఆయనా గిదే అంటడు. ఆదివారం వస్త, తాళాలు తయారుంచున్రి."

తన షెడ్డులో రంజిత్ ఆయిల్‌లోకి సన్నటి కడ్డీ ముంచి తీసి వెలుగులో చూశాడు.

"లోపలి ఆయిల్ల తెలుపు లేదమ్మా. నల్లగైంది గంతే. మూతకే ఉంది తెల్లది. రెండిట్ల ఒకటి. ఇంజిన్‌ను సల్లగ చేసే నీళ్లు లోపటికి దిగుతుండొచ్చు. లేకపోతె ఇంజిను మంచిగ కాగుతలేదు, లోపలి చెమ్మ పోతలేదు. మూత పెట్టి నీళ్లు గోరెచ్చగ చేస్తే ఏమైతది? మూతకే చెమ్మ పడ్తది గద. మీరు గీ గల్లీ నుంచి ఆ గల్లీకి పోతే ఇంజిను ఏడ కాగుతది?"

"ఏదైందో ఎట్ల తెలుస్తది?" అన్నది మేరీ.

"బండి ఇయ్యాల ఈడనే ఉంచున్రి. ఆయిల్ మార్చి, మూత తుడుస్త. పొద్దుగాల ఇంజిను సల్లగున్నప్పుడు నీళ్ల డబ్బాకు గుర్తు పెట్టుకుందాం. దూరం పోయి రాండ్రి. తెల్లారి సల్లగున్నప్పుడు సూడున్రి. నీళ్లు గుర్తు దగ్గరనే ఉండి, మూత సాఫ్‌గ ఉంటె ఇంజిను బంగారం."

మరునాడు పొద్దున్నే పోయాం. గుర్తుకు రంజిత్ పెన్నుతో గీస్తే జిడ్డు మీద సిరా నిలవలేదు. మేరీ నా నుదురు వైపు చూసింది.

"శ్యామలక్కా, నీ బొట్టుబిళ్ల ఇయ్యి."

"మీ చర్చోళ్లు ఏమంటరే?"

"నాకు గాదు. కారుకు."

తీసి ఇచ్చాను. ఎర్రగా, గుండ్రంగా, నీళ్ల మట్టానికి సరిగ్గా అతికించాడు రంజిత్. నిజం చెప్పాలంటే కారుకు నాకంటే బాగా నప్పింది.

సర్వపిండి, ఉడకబెట్టిన పల్లికాయ కట్టుకుని అటునుంచి అటే నిజాంసాగర్ బయలుదేరాం. ఊరు దాటి బోధన్ రోడ్డెక్కగానే ముందు నుంచి సన్నగా మూలుగు వినిపించింది. "లేసిందక్కా," అన్నది మేరీ, పసిపిల్ల లేచినట్టు. బోధన్ దాటాక రెండు వైపులా చెరుకు. ఒక చోట చెరుకు నరుకుతున్న ఆడవాళ్లు మమ్మల్ని ఆపి, డ్రైవరేడని అడిగారు. "నేనే డ్రైవర్ను" అంటే నమ్మక, కారు చుట్టూ తిరిగి చూసి, ఒకామె రెండు గడలు వెనక సీట్లో పెట్టింది. "మేం గూడ నేర్సుకోవచ్చునా?" అని అడిగింది. "బండి కొన్నంక నేర్సుకో," అన్నది మేరీ.

ఒక తూము దగ్గర కారు ఆపింది. బాపు ఇక్కడే కూర్చుని నీళ్లు వదిలేవాడట. డ్యామ్ దగ్గర నేను సర్వపిండి తింటుంటే మేరీ ముక్క చేతిలో పట్టుకుని బానెట్ వైపే చూస్తూ ఉంది.

"చర్చికి ఆటోల గూడ పోవచ్చక్కా," అన్నది. "గాని గీ కాలువ పొంటి నన్నెవ్వరు తెస్తరు? బండి కొన్నదే గిందుకు. తమ్ముని భయం జూసి రెండేండ్లు ఊర్లనే తిరిగిన."

"ముక్క తిను," అన్నాను. "సల్లారితే గట్టిగైతది."

ఆదివారం పొద్దున్నే జయరాజ్ వచ్చాడు. ముగ్గురం బానెట్ చుట్టూ నిలబడ్డాం. ముందు మూత తీశాడు. అడుగున తెలుపు లేదు. వేలితో రుద్దాడు, వాసన చూశాడు, లుంగీకి తుడుచుకున్నాడు. తర్వాత నీళ్ల డబ్బా వైపు వంగి, ఎర్రటి బిళ్లను వేలితో తాకాడు.

"గీ బొట్టు ఎవ్వలు పెట్టిన్రు?"

"నేను. నీళ్లెక్కడున్నయో అది చెప్పు ముందు," అన్నాను.

"బొట్టు కాడనే ఉన్నయ్."

మేరీ కొంగుముడి విప్పి తాళాలు అతని ముందు గలగలలాడించింది. "ఏం తమ్మీ, తాళాలు కావాల్నా?"

"చాయ్ కావాలె," అన్నాడు జయరాజ్.

చాయ్ తాగుతూ అడిగాడు, ఇక ఆయిల్ లెక్క ఏమిటని. అప్పటికి అతని మొహం నవ్వులోకి వచ్చింది.

"గంటల లెక్క నీ ట్రాక్టర్‌కు," అన్నది మేరీ. "నా బండికి పండుగల లెక్క. ఈస్టర్‌కొకసారి, బతుకమ్మకొకసారి. నేను మరిస్తే శ్యామలక్క యాదిజేస్తది, అక్క మరిస్తే నేను జేస్త."

"కిలోమీటర్లు ముందుగాల నిండితే?"

"పండుగ కోసం ఆగ. ముందే మార్పిస్త. ఇంకోటి, వారానికొకసారి దూరం పోతం. ఇంజిను కాగాలె."

"ఒక్కదానివే?" అన్నాడు జయరాజ్.

మేరీ నా వైపు తిరిగింది. చర్చి చీర కట్టుకుని, బైబిలు చంకలో పెట్టుకుని ఉంది. చేతిలో తాళాలు ఆడుతున్నాయి.

"అక్కా, నేను చర్చి నుంచి వచ్చేవరకు తయారుండు. ఇయ్యాలనే కాదు, ప్రతి ఆదివారం. పల్లికాయ తేకున్నా మంచిదే, బొట్టుబిళ్లలు తేకున్నా మంచిదే. నిన్నొక్కటే అడుగుత. ఊరు దాటినంక 'మెల్లగ' అనకు."