మేబెల్ టీచరు సుడిగాలి పాఠం

మేబెల్ టీచరంటే నాకు పదేళ్లపాటు ఒళ్లు మంటగా ఉండేది. ఇప్పుడు చెప్పుకోవాలంటే సిగ్గేస్తోంది కానీ ఉన్నమాట అదే.

లాలాగూడలోని మా చర్చికి నేను కార్యదర్శిని. ఏటా మే నెలలో పిల్లలకు వేసవి బైబిల్ బడి పెడతాం. చివరి గంటలో కథ చెప్పేది ఆవిడే. దావీదు గురించో దానియేలు గురించో చెబుతుందనుకుంటే, ఆవిడ అమెరికా గాలివానలు ఎత్తుకునేది.

"పద్దెనిమిది వందల ఎనభై ఎనిమిది, మార్చి నెల. ఇక చలి పోయినట్టేనని న్యూయార్కు జనం అనుకుంటుండగా మంచు కమ్మేసింది. రైళ్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి" అనేది. పిల్లలు నోళ్లు తెరుచుకుని వినేవాళ్లు. ఆ తర్వాత పంతొమ్మిది వందల ఇరవై అయిదు మార్చిలో వచ్చిన సుడిగాలి. మూడు రాష్ట్రాలు, మూడున్నర గంటలు, ఏడొందల మంది దాకా చనిపోయారు. పిల్లలు లోపల ఉండగానే బళ్లు కూలిపోయాయి.

"మరి వాళ్లు ఏం చెయ్యాల్సుండె టీచర్?" అని పిల్లలు అడిగితే చేసి చూపించేది. కిటికీల్లేని చిన్న గదిలో మోకాళ్ల మీద వంగి, మెడ మీద రెండు చేతులూ వేసుకోవాలి. పిల్లలకు అదొక ఆట.

"వాక్యం చెప్పమంటే వాతావరణం చెప్తది" అని నేను బయట సణుక్కునేవాణ్ణి.

ఆవిడది గుంటూరు వైపు. తల్లీ తండ్రీ లేక మిషన్ హాస్టల్లో పెరిగింది. అక్కడ అటక మీద దొరికిన పాత అమెరికా పత్రికల కట్టే ఆవిడకు ఇంగ్లీషు నేర్పింది. ఆ గాలులూ మంచూ అప్పుడే బుర్రకెక్కాయి. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరైన పేతురును పెళ్లి చేసుకుని సికింద్రాబాదు వచ్చింది. ముప్పై ఏళ్లు బడిలో సోషల్ చెప్పింది. పేతురు పోయాక కూడా మల్కాజ్‌గిరి నుంచి బస్సెక్కి మా పిల్లల కోసం వచ్చేది.

పోయిన మే నెలలో ఒకరోజు, సాయంత్రం నాలుగయింది. చర్చి వెనక రేకుల షెడ్డులో నలభై ముగ్గురు పిల్లలు. అందులో నా మనవరాలు షెకీనా ఒకతి, ఏడేళ్లది. మబ్బు నల్లగా దిగింది. అప్పటిదాకా వీస్తున్న గాలి ఒక్కసారిగా ఆగిపోయింది. జెర చల్లబడుతుంది కదా అని నేను సంతోషపడ్డాను.

టీచరు కథ ఆపి గబగబా నా దగ్గరికొచ్చింది. "ఐజాకు గారూ, గాలి ఇలా ఆగిందంటే పెద్దది వస్తోందన్నమాట. వెస్ట్రీ తాళం తియ్యండి."

వెస్ట్రీ అంటే చర్చికి ఆనుకుని, ప్రభు బల్ల రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే పాత్రలు దాచే చిన్న గది. పెద్దవాళ్లమే చెప్పులు విడిచి వెళతాం. పిల్లల్ని గడప తొక్కనివ్వం. తాతల నాటి పట్టింపు.

"గా రూములకా? వానొస్తే షెడ్డున్నది గద టీచర్. లేకుంటే చర్చిల కూసోవెడదాం."

"చర్చికి అన్నీ అద్దాల కిటికీలే. వెస్ట్రీకి కిటికీ లేదు, పైన స్లాబు."

"పవిత్రమైన జాగ టీచర్. పిల్లల కాళ్లు సూడుర్రి, అంత మట్టి. ముందుగాల కడిగిచ్చుర్రి."

నిజంగానే ఆ మాట అన్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని గుంజింది.

"ఏవయ్యా, నీ మనవరాలు రేకుల కింద కూర్చుంది! తీస్తావా, పగలగొట్టమంటావా?"

ఈ చర్చిలో నాతో అట్లా మాట్లాడినవాళ్లు లేరు. తాళం తీశాను.

పిల్లలు వరసగా లోపలికొచ్చి, ఎవరూ చెప్పకుండానే మోకాళ్ల మీద వంగి మెడల మీద చేతులు వేసుకున్నారు. చివరగా టీచరు వచ్చి, తలుపు మూసి వీపు ఆనించింది. అంతే, బయట లోకమంతా విరిగిపడుతున్నట్టు చప్పుడు. పది నిమిషాలు. ప్రార్థన చేద్దామంటే నాకు ఒక్క మాటా గుర్తు రాలేదు.

తలుపు తీసి చూస్తే చర్చి బల్లల నిండా గాజుపెంకులు. షెడ్డు రేకులు ఇనుప పైపులతో సహా చాపల మీద పడి ఉన్నాయి. షెకీనా కూర్చున్న చోట చాప రెండుగా తెగింది. నేను షెకీనాను చంకనేసుకున్నాను. టీచరు ఒక్కొక్క తలనూ ముట్టుకుంటూ లెక్కపెట్టింది. నలభై మూడు. మళ్లీ లెక్కపెట్టింది. అప్పుడు గోడకు ఆనుకుని భోరున ఏడ్చింది.

ఆదివారం, దేవుడు చేసిన మేళ్లు చెప్పుకునే సాక్ష్యాల వేళ నేను లేచాను. దేవునికి స్తోత్రం అన్నాను. అక్కడితో కూర్చుంటే నా పరువు దక్కేది. కానీ ముందు వరసలో షెకీనా కనబడుతోంది.

"నేను తాళం చేతిల వెట్టుకొని కాళ్లు కడగమన్న. టీచరమ్మ నన్ను తిట్టకపోతే నా మనవరాలు దక్కకపోతుండె. మాఫ్ చెయ్యుర్రి టీచరమ్మా" అన్నాను అందరి ముందూ.

ఆడవాళ్ల వైపు నుంచి మేబెల్ టీచరు లేచింది. "పిల్లలున్నారు కదండీ ఐజాకు గారూ. ఇంకేం కావాలి?"

నాకూ ఇంకేమీ అక్కర్లేదనిపించింది. తల వంచి ప్రార్థన చేశాను. దేవుణ్ణి ఏమీ అడగకుండా నా జన్మలో చేసిన ప్రార్థన అదొక్కటే.