సాయంత్రం గడి

మా మేనత్త పోయిన సోమవారం పుంగనూరు దగ్గర తన ఊళ్లోనే కన్నుమూసింది. కుప్పంలో నేను మధ్యాహ్నం క్లాసుకు బయల్దేరుతుండగా ఫోన్ వచ్చింది. బస్సులో కూర్చున్నాక, ఆమె ముఖంకంటే ముందు గళ్లు గీసిన ఒక నోటుపుస్తకం గుర్తొచ్చింది.

అత్త పట్టుపురుగులు పెంచేది. షెడ్డులో వేడి ఎంతుందో పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చూసి రాసిపెట్టేది. మామకు జ్వరం పట్టుకున్నప్పుడు అదే పుస్తకంలో వెనకనుంచి ఆయన జ్వరమూ అలాగే రాసింది. పొద్దున గళ్లన్నీ మామూలే. సాయంత్రం గళ్లలో మాత్రం నూటొకటి, నూటరెండు.

మదనపల్లెలో చూపించిన డాక్టరు టైఫాయిడ్ అన్నాడు. "సారూ, దినామూ సాయంత్రమే వస్తాండాది, ఒక్కసారి ఇది సూడండి" అని పుస్తకం చాపితే పక్కకు నెట్టాడట. రెండు నెలలు మందులు మార్చాడేగానీ ఒక్క ఎక్స్‌రే తీయించలేదు. అది క్షయ అని, సాయంత్రం పూట జ్వరం దాని గుర్తేనని వేరేచోట తేలేసరికి మెదడుకు పాకింది. మామ దక్కలేదు.

అత్త కేసు వేస్తానంటే వద్దన్నది నేనే. "డాక్టరూ మనిషే కదత్తా, పొరబాటు పడ్డాడేమో" అన్నాను.

"పొరబాటు పడినాడని కాదు పాపా. సూడమంటే సూడలేదే, దానికి. నువ్వు రాకుంటే మాన్లే, అడ్డం మాత్రం రావద్దు."

వాయిదా వాయిదాకూ వినియోగదారుల కమిషన్‌కు ఆ పుస్తకం కొంగులో చుట్టుకుని పోయింది. చివరికి నేనూ వెంట వెళ్లాను. డాక్టరు తరఫు లాయరు దాన్ని రెండు వేళ్లతో ఎత్తి, "ఏమ్మా, పట్టుపురుగుల పుస్తకమా సాక్ష్యం?" అని నవ్వాడు.

"అవును సార్. పురుక్కే దినానికి రెండుసార్లు సూసి రాస్తాము. మనిషికి ఒక్కసారన్నా సూడొద్దా?"

లాయరు పుస్తకాన్ని మెల్లగా బల్లమీద పెట్టాడు.

ఏళ్లు గడిచాక తీర్పొచ్చింది. సాయంత్రం జ్వరాల మాట అందులో ఉంది. పరీక్ష చేయించకపోవడం నిర్లక్ష్యమేనని ఉంది. అత్త ఆ వాక్యం నాచేత మూడుసార్లు చదివించుకుని, "ఇప్పుడు సూసినారు" అంది. లేచి పురుగులకు ఆకు వేయడానికి పోయింది. మామ లేని ఇంట్లో దాన్ని గెలుపు అనొచ్చా అని నాకు ఇప్పటికీ సందేహమే. కానీ ఆమె మేనకోడలినని చెప్పుకునేటప్పుడు నా గొంతు దానంతటదే కాస్త పెరుగుతుంది.

నేను బస్సు దిగి వెళ్లేసరికి షెడ్డులో మేకుకు ఇప్పటి పుస్తకం వేలాడుతోంది. చివరి పేజీలో తన జ్వరం తానే రాసుకుంది. సోమవారం పొద్దున గడిలో అంకె ఉంది, కొంచెం వంకరగా. సాయంత్రం గడి ఖాళీ.